తొడ చప్పుడు

తిమ్మరాయప్ప మంచివాడు. ఈ మాట ముందే చెప్పెయ్యడం మేలు, పోను పోను చెప్పడానికి నోరు రాదు.

బళేపేటలో గాజుల అంగళ్ళు దాటి ఎడమ పక్క సందులోకి తిరిగితే ఎర్రమట్టి వాసన ముక్కుకు తగిలేది. నూనె, మజ్జిగ, పసుపు పోసి తొక్కి తొక్కి మెత్తబడిన మట్టి. ఆ వాసన వెంటే పోతే తిమ్మరాయప్ప గరిడీ వచ్చేది. గుమ్మం మరీ పొట్టిది, ఎంత మొనగాడైనా తల వంచి దూరాల్సిందే. లోపల నాలుగు మెట్లు దిగితే నడిమధ్య గోదా, గోడవారన గదలు, కర్రలు, కత్తులు, ఎదురుగా సిందూరం పూసిన ఆంజనేయస్వామి. ముప్పై ఏళ్ళుగా అక్కడ వస్తాదు ఆయనే. కుస్తీ, కర్రసాము, కత్తిసాము మూడూ నేర్పేవాడు. నేర్పేవాడంటే అడగ్గానే నేర్పేవాడని కాదు. మొదటి ఏడంతా మట్టి తొక్కడం, దండీలు, బస్కీలు. రెండో ఏడు పట్లు. మూడు దాటితేగానీ చేతికి కర్ర ఇచ్చేవాడు కాదు. కత్తి ఎప్పుడిస్తావని అడిగినవాడు మళ్ళీ పోయి మట్టి తొక్కాలి. పేటలో ఎవరికి చెయ్యి బెణికినా కాలు విరిగినా కట్టు కట్టేది కూడా ఆయనే. ఇన్ని గుణాలున్న మనిషికి ముక్కు మీద కోపం, తల నిండా గర్వం ఉంటే పేటవాళ్ళు సర్దుకుపోయారు. సర్దుకుపోకుండా ఉండాల్సింది అని ఇప్పుడు అనడం తేలికే.

ఆ గరిడీలో ఓడిపోవడానికి ఒకటే దారి. వీపు మట్టికి ఆనాలి, రెండు భుజాలూ ఆనాలి. అప్పటిదాకా ఓడినట్టు కాదు. ‘నావల్ల కాదు, వదులు’ అనడానికి అక్కడ మాట లేదు, సైగ లేదు. తొడ కొట్టడం మాత్రం ఉంది. గోదాలో దిగినవాడు తొడ కొట్టాడంటే ‘రా’ అని. బుద్ధెరిగిన ప్రతివాడికీ తెలిసిన సంగతే.

అశ్వత్థప్ప దేవనహళ్ళి పక్క పల్లె నుంచి పన్నెండో ఏట వచ్చి ఈ గరిడీలో పడ్డాడు. తల్లీ తండ్రీ లేరు. వస్తాదు ఇంట్లో తిని, గరిడీలో పడుకుని, పద్నాలుగేళ్ళు సాము చేశాడు. తిమ్మరాయప్పకు మగపిల్లలు లేరు. ఉన్న ఒక్క కూతురినీ సొంత అక్క కొడుకు జయరామప్పకు ఇచ్చాడు. జయరామప్పదీ మంచి ఒళ్ళే. పట్టిన పట్టు వదిలేవాడు కాదు. బుర్ర మాత్రం మామ చెప్పినంత దూరమే పోయేది. అశ్వత్థప్ప అట్లా కాదు. చెప్పింది చేసేవాడు, చేస్తూ ఎందుకని అడిగేవాడు. అడిగినప్పుడల్లా తిమ్మరాయప్పకు చిరాకూ వేసేది, ముద్దూ వేసేది.

యుద్ధం మొదలైన రెండో ఏడు అశ్వత్థప్పకు దండులో కొలువు దొరికింది. దండు అంటే ఊరికి తూర్పున తెల్లవాళ్ళ పటాలం ఉండే పక్క. సిపాయిలకు సాము నేర్పే ఒక సార్జెంటు కింద పని. మొదట చాపలు దులిపాడు. తర్వాత సిపాయిలు ఎత్తి పడేసి చూసుకోవడానికి తన ఒళ్ళు అప్పగించాడు. ఏడాది తిరిగేసరికి వాళ్ళను ఎత్తి పడేసి చూపించేదాకా ఎదిగాడు. బాక్సింగు వచ్చింది, బాకుతో పొడవబోయినవాడి చేతిలోంచి బాకు లాక్కోవడం వచ్చింది, జుజుత్సు అనే జపానువాళ్ళ పట్లు వచ్చాయి. ప్రతి శనివారం సైకిలు మీద బళేపేటకు వచ్చి నేర్చుకున్నదంతా వస్తాదు ముందు పెట్టేవాడు. చూసి మెచ్చుకోవాలని వాడికి ఆశ. వస్తాదు చూసేవాడు, మెచ్చుకునేవాడు కాదు.

1943 శ్రావణంలో ఒక శనివారం పొద్దున గరిడీలో ఇద్దరే ఉన్నారు. అశ్వత్థప్ప వస్తాదు ముంజేతిని సుతారంగా పట్టుకుని వెనక్కి మలిచి ఒకచోట ఆపాడు.

“చూడు వస్తాదప్పా, ఇంగ వేలెడు తిప్పితే భుజం కీలు పోతాది. బలమే అక్కర్లేదు. జపానోళ్ళ విద్య ఇది.”

“జపానోళ్ళ మీదికి పోయే సిపాయిలకి జపానోళ్ళ విద్యే నేర్పిస్తా ఉండారా? తెల్లోళ్ళు బో తెలివైనోళ్ళప్పా,” అన్నాడు తిమ్మరాయప్ప. “ఇది మన దాంట్లో లేదనుకుంటివా? గొళ్ళెం పట్టు కాదా ఇది?”

“గొళ్ళెం పట్టే. నువ్వు నేర్పించిందే. అయితే మనం దాంతో మనిషిని తిప్పి వీపు ఆనిస్తాం. వాళ్ళు కీలు దగ్గిర నిలిపేస్తారు. దానికి ఒక కట్టడి ఉండాదప్పా. ఓర్చుకోలేనోడు చేత్తో రెండుసార్లు తట్టల్ల. నేలమీదనో, వొంటిమీదనో, యాడైనా సరే. తడితే ఇవతలోడు ఆ క్షణమే వదిలేయల్ల.”

“తట్టేదా?”

“ఊ. వాళ్ళకు చాపలుండాయి, తడితే శబ్దం వస్తాది. మన గోదాలో మట్టి మెత్తన, ఏమీ ఇనపడదు. తొడమీద తట్టుకుంటే సరిపోతాది.”

తిమ్మరాయప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. “తొడ కొట్టి శరణు అనేదా? రేయ్, మా తాతలు తొడ కొట్టింది రారా అనేదానికప్పా. కాపాడు సామీ అనేదానికి కాదు.”

“నవ్వద్దప్పా. దండులో మొదటి దినం నేర్పించేది ఇదే. ఇది తెలిస్తే మిగిలిందంతా భయం లేకుండా నేర్చుకుంటారు.”

“ఓడిపోయేది మొదటి దినం నేర్పించే గరిడీ కాదు నాది.”

అశ్వత్థప్ప పోయేముందు సైకిలు పట్టుకుని మళ్ళీ అన్నాడు. “జయరాముడికైనా చెప్పప్పా. నేనూ వాడూ పట్టు పట్టేటప్పుడు వానికి ఈ సంగతి తెలిసుండల్ల. నేను చెప్తే వాడు ఇనడు, నువ్వు చెప్తే ఇంటాడు.”

“చెప్తాలే, పో.”

చెప్పలేదు. మరిచిపోయానని తర్వాత చాలాసార్లు తనకు తానే చెప్పుకున్నాడు గానీ మరిచిపోలేదు. ఆ సాయంత్రమే జయరామప్ప ఎదురుగా కూర్చుని రాగిముద్ద తిన్నాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అశ్వత్థప్ప తెచ్చిన కట్టడిని తన నోటితో చెప్పడమా అనిపించి మింగేశాడు.

భాద్రపదంలో సుబ్బరాయుడు వచ్చాడు. గాజుల వ్యాపారి, పేటలో పెద్ద, గరిడీకి నూనె, పసుపు, దీపం అన్నీ చూసుకునే మనిషి. అరుగుమీద కూర్చుని మెల్లగా మాట మొదలుపెట్టాడు.

“వస్తాదప్పా, కుర్రోళ్ళు మన దగ్గిర నిలబడేది లేదు. బాక్సింగు చూస్తామని దండు పక్కకు పరిగెత్తుతా ఉండారు. అశ్వత్థప్ప మనోడే కదా. వానికి అన్నీ తెలుసు. సాయంత్రాలు వాణ్ణి ఈడనే నేర్పించమంటే ఎట్లుంటాది? కుస్తీ నీది, మిగిలిందంతా వానిది.”

సుబ్బరాయుడు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ ఆ మాటకు తిమ్మరాయప్పకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళు తొక్కిన మట్టి. ఆ మట్టిలోనే పెరిగినవాడు ఇప్పుడు పక్కన నిలబడి ‘మిగిలిందంతా’ నేర్పుతాడట. కుస్తీ తప్ప తనకేం రాదన్నట్టు!

“సరే,” అన్నాడు. “విజయదశమి దినం గోదాలోకి దిగమను. జయరాముడితో పట్టు. అశ్వత్థప్ప గెలిస్తే గద వాని చేతికిచ్చి నేను ఇంట్లో కూర్చుంటా. ఓడితే మళ్ళీ ఈ మాట ఎత్తద్దు.”

సంగతి తెలిసి అశ్వత్థప్ప పరిగెత్తుకుంటూ వచ్చాడు. “నాకు గద వద్దప్పా. పోటీ వద్దు. నీ పక్కన నిలబడి నేర్పిస్తే సాలు.”

“దిగేదానికి భయమా?”

వాడి మొహం చిన్నబోయింది. “నువ్వు దిగమంటే దిగుతా,” అన్నాడు.

ఆయుధపూజ నాడు గదలు, కర్రలు, కత్తులు కడిగి ఆంజనేయస్వామి ముందు వరసగా పెట్టారు. అశ్వత్థప్ప బాక్సింగు గ్లోవులు తెచ్చాడు. కొత్తవి కావు, సార్జెంటు వాడి పారేసినవి. శుభ్రంగా తుడిచి, వరస చివర, కొంచెం ఎడంగా పెట్టాడు. తిమ్మరాయప్ప ఆయుధాలకు ఒక్కొక్కటిగా కుంకుమ పెట్టుకుంటూ వచ్చి వాటి దగ్గర ఆగాడు. “ఆవు తోలు సామి ముందర పెడ్తావా?” అని కాలితో నెట్టాడు. చేత్తో తీసి ఇవ్వొచ్చు. కాలితోనే నెట్టాడు. అశ్వత్థప్ప వంగి వాటిని తీసుకుని కళ్ళకద్దుకుని సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గరిడీలో కాలు పెట్టడానికి చోటు లేదు. మెట్లమీద, కిటికీల్లో, అరుగుమీద జనం. తిమ్మరాయప్ప గోదా ఒడ్డున ఎత్తుపీట మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఆయన కాళ్ళకు మొక్కి, మట్టి తీసి నుదుట పెట్టుకున్నారు. జయరామప్ప తొడ కొట్టాడు. అశ్వత్థప్ప తొడ కొట్టాడు. గరిడీ అదిరిపోయేటట్టు జనం కేకలు పెట్టారు.

నిజం చెప్పాలంటే కాసేపటికే తేలిపోయింది, ఎవరు ఎక్కువ నేర్చుకున్నారో. జయరామప్ప మీదికి ఉరికిన ప్రతిసారీ అశ్వత్థప్ప ఆ ఉరుకునే వాడుకుని వాణ్ణి పడేశాడు. రెండుసార్లు పడేశాడు. రెండుసార్లూ జయరామప్ప పక్కకు దొర్లి లేచాడు, వీపు మట్టికి ఆనడం వెంట్రుకవాసిలో తప్పింది. తిమ్మరాయప్ప గద పోయినట్టే అనుకున్నాడు. మూడోసారి అశ్వత్థప్ప కాలు మట్టిలో జారింది. బోర్లా పడ్డాడు. జయరామప్ప వీపుమీద కూర్చుని కుడిచెయ్యి దొరకబుచ్చుకుని వెనక్కి మలిచాడు. గొళ్ళెం పట్టు.

అశ్వత్థప్ప మొహం ఒక పక్కకు తిరిగి మట్టికి ఆనింది. ఆ పక్కన ఉన్నది ఎత్తుపీట. పీటమీద వస్తాదు.

అప్పుడు అశ్వత్థప్ప ఎడమచెయ్యి మట్టిమీద రెండుసార్లు తట్టింది. బుద్ధిపూర్వకంగా చేసిన పని కాదది. దండులో రోజూ చేసీ చేసీ చేతికి పట్టిన అలవాటు. వెల్లకిల తిరిగిపోయి ఓడిపోవచ్చునని తల చెప్పేలోపే చెయ్యి తట్టేసింది. నూనె తాగిన మట్టి, చప్పుడు రాలేదు. మళ్ళీ రెండుసార్లు తట్టింది. జనం చూడలేదు. జయరామప్ప చూడలేదు, చూసినా వాడికి అదేమిటో తెలియదు.

తిమ్మరాయప్ప చూశాడు.

చూశాడు, అర్థమైంది. వాడి కళ్ళు తన కళ్ళలోకే చూస్తున్నాయని కూడా తెలిసింది. ‘వదలరా’ అంటే అయిపోయేది. అశ్వత్థప్ప ఓడినట్టే, జయరామప్ప గెలిచినట్టే, గద తనదే. అన్నీ ఆ క్షణానికి తిమ్మరాయప్పవే. కానీ అది చాలలేదు ఆయనకు. వాడు తెచ్చిన కట్టడి ప్రకారం ఓడితే ఏం లాభం? ఈ గోదాలో ఓడితే ఈ గోదా పద్ధతిలోనే ఓడాలి. వీపు ఆనాలి. పేటంతా చూడాలి. నోరు మెదపలేదు.

మట్టి చప్పుడు వినపడలేదని అశ్వత్థప్ప అనుకున్నాడు కాబోలు. చెయ్యెత్తి తన తొడమీద ఫెళ్ళున కొట్టాడు.

జనం పిచ్చెత్తినట్టు లేచారు. చెయ్యి పట్టులో ఉంది, మొహం మట్టిలో ఉంది, అయినా తొడ కొట్టాడు! “భళా అశ్వత్థప్పా!” అని ఎవరో అరిచారు. వీపుమీద ఉన్న జయరామప్పకు రోషం పొడుచుకొచ్చింది. ఇంత చేసినా ఇంకా రమ్మంటున్నాడా అని ఉన్న బలమంతా పెట్టి తిప్పాడు. ఎండు చితుకు విరిగినట్టు చప్పుడైంది. అశ్వత్థప్ప వెల్లకిల పడ్డాడు. రెండు భుజాలూ మట్టికి ఆనాయి.

జయరామప్ప గెలుపును ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ఓడినవాడి పేరే అరిచారు.

కట్టు కట్టింది తిమ్మరాయప్పే. ఇంకెవరు కడతారు? వెదురుబద్దలు, గుడ్డు తెల్లసొన, మినప్పిండి, చింపిన పంచె. భుజం కీలు తప్పడమే కాదు, కీలు దగ్గర ఎముక చిట్లింది. వేళ్ళతో తడుముతుంటే ఆయనకు తెలిసిపోయింది, ఈ చెయ్యి అతుక్కుంటుంది గానీ పైకి లేవదని. అశ్వత్థప్ప అరవలేదు. చెమటలు కారుతుంటే పైకప్పు చూస్తూ పడుకున్నాడు. చివరి ముడి వేసేటప్పుడు అడిగాడు.

“జయరాముడికి చెప్పినావా అప్పా, తట్టే సంగతి?”

“చెప్తి,” అన్నాడు తిమ్మరాయప్ప. “ఆ కోపంలో వానికి గ్యాపకం లేకపోయినట్టుండాది.”

చెయ్యి విరగ్గొట్టించినవాడు ఆ నేరాన్ని అల్లుడి నెత్తిన పెట్టాడు. అదీ ముడి వేస్తూ వేస్తూ. అశ్వత్థప్ప కళ్ళు మూసుకుని “సరేలేప్పా” అన్నాడు.

దండులో కొలువు పోయింది. కుడిచెయ్యి భుజం ఎత్తుకు లేవనివాడితో సార్జెంటుకు ఏం పని? సుబ్బరాయుడు పిలిచి తన గాజుల అంగట్లో కూర్చోబెట్టుకున్నాడు. కథ మాత్రం పేట దాటి పోయింది. చిక్కపేట, అరళెపేట, కాటన్‌పేట అన్నిచోట్లా అదే. చెయ్యి ఫటఫట విరుగుతా ఉంటే తొడ కొట్టి రారా అన్నాడంట! ఏ తల్లి కన్న బిడ్డో! తిమ్మరాయప్ప గరిడీకి గుంపులు గుంపులుగా కుర్రాళ్ళు వచ్చి చేరారు. దండు పక్కకు పోయేవాళ్ళు కూడా మళ్ళి వచ్చారు. ఇద్దరు మొగోళ్ళను తయారుచేసిన వస్తాదని ఆయన మెడలో రెండు దండలు పడ్డాయి. ఆయన వేయించుకున్నాడు.

వచ్చిన కుర్రాళ్ళకు కర్ర అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. ఒకటే కోరిక. గొళ్ళెం పట్టులో పడాలి, పడి తొడ కొట్టాలి. పట్టు బిగిసినకొద్దీ కొట్టేవాళ్ళు. కొట్టినకొద్దీ పైనున్నవాడు తిప్పేవాడు. పక్కనున్నవాళ్ళు “అశ్వత్థప్పా! అశ్వత్థప్పా!” అని అరిచేవాళ్ళు. మాఘమాసంలో చిక్కమునియప్ప అనే కుర్రాడి మోచెయ్యి పోయింది. మగ్గం నేసేవాళ్ళ ఇంటి పిల్లవాడు, చెయ్యి తప్ప ఆస్తి లేనివాడు. కట్టు కడుతుంటే నొప్పితో మూలుగుతూనే నవ్వాడు. “నేనూ తొడ కొట్టినా కదా వస్తాదప్పా, చూస్తివా?”

ఆ పూట తిమ్మరాయప్పకు అన్నం సహించలేదు. లేచి సుబ్బరాయుడి అంగడికి పోయాడు.

అంగట్లో అశ్వత్థప్ప కథ చెప్తున్నాడు. గాజులు తొడిగించుకోవడానికి వచ్చిన మునివెంకటమ్మ అనే ముసలావిడ, ఆమె కోడళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

“ఇంగా తిప్పరా, నీ బలమంతా చూస్తా, అని తొడ కొడితినమ్మా,” అంటున్నాడు అశ్వత్థప్ప. గుమ్మంలో వస్తాదును చూశాడు. మాట తడబడలేదు. “వీడు విరగ్గొట్టేది చెయ్యే కదా, నన్ను కాదు కదా అనుకొంటిని.”

“నీ నోట్లో చక్కెర పోయ,” అని ముసలావిడ వాడి తల నిమిరింది. తిమ్మరాయప్పను చూసి, “ఈయప్పనే కదా వస్తాదు! పుణ్యాత్ముడు,” అంది.

వాళ్ళు పోయేదాకా తిమ్మరాయప్ప నిలబడే ఉన్నాడు. పోయాక పలక పీటమీద కూర్చుని, గాజుల వరసలు చూస్తూ చెప్పాడు.

“అశ్వత్థా, గరిడీలో అందరినీ నిలబెట్టి చెప్పేస్తానప్పా. నువ్వు తొడ కొట్టింది వదలమని. ఆ సంగతి నాకు తెలుసు. జయరాముడికి నేను చెప్పనేలేదు. తప్పంతా నాది.”

“చెప్పి?”

“ఇంగమీద తొడ తడితే వదలల్ల అని కట్టడి పెడతా. లేకుంటే ఇంగా ఎందరి చేతులు పోతాయో.”

అశ్వత్థప్ప ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. “జయరాముడికి ఏమీ తెలీదని నాకు తెలుసు. రెండోనాడే వచ్చి కాళ్ళు పట్టుకొని ఏడ్చినాడు, తట్టే సంగతి అడిగితే తెల్లమొగం ఏసినాడు. నేను అడిగేది ఒకటే. తొడ సంగతి వదిలెయ్. ముందర మట్టిమీద తడితిని కదా. అది చూస్తివా లేదా?”

తిమ్మరాయప్ప తల ఊపాడు.

“చూస్తివి. నాకు తెలుసు. నీ కండ్లలోకే చూస్తా ఉంటిని.” వాడి గొంతులో కోపం లేదు. అదే తిమ్మరాయప్పకు భరించరానిదైంది. “ఇప్పుడు చెప్తా అంటావు. చెప్పు. కొలువు పాయె, చెయ్యి పాయె. గాజులు తొడిగే పనికి రెండు చేతులు కావల్ల, ఆ కెలసమూ నాకు రాదు. సుబ్బరాయుడు నన్ను ఏంటికి పెట్టుకోనుండాడు? నన్ను చూసేదానికి జనం వస్తారని. నా పెండ్లాం భాగీరథమ్మ కొళాయి దగ్గిరికి పోతే, తొడ కొట్టినాయప్ప పెండ్లామని బిందె ముందర పెట్టనిస్తారు. నువ్వు పోయి వాడు తొడ కొట్టలేదు, వదలమని మొత్తుకున్నాడు అని చెప్తే నీ గుండె తేలికవుతాది. నాకేం మిగుల్తాది?”

“మరి ఆ కుర్రోళ్ళ చేతులు?”

“నేర్పించేది నీ కెలసం కదా అప్పా,” అన్నాడు అశ్వత్థప్ప. “మొదటి దినమే నేర్పిద్దామని నేనొస్తే, రానీలేదు నువ్వు.”

బయట ఎవరో ఆడవాళ్ళు చెప్పులు విడుస్తున్నారు. అశ్వత్థప్ప వాళ్ళకోసం మొహం సర్దుకుంటూ గొంతు తగ్గించాడు. “ఆ పొద్దు నోరు మూసుకోనుంటివి. ఇప్పుడూ మూసుకో.”

మూసుకున్నాడు. ఆ ఒక్కటీ వాడు కోరిందని మూసుకున్నాడు. కానీ ఊరికే కూర్చోలేకపోయాడు పాపం. కొత్త కట్టడి పెట్టి చూశాడు. ఓర్చుకోలేకపోతే ‘అప్పా’ అని అరవండి, పైవాడు వదలాలి అన్నాడు. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “అశ్వత్థప్ప అణ్ణ చెయ్యి విరిగినా అరవలేదు. మేము అరిచేదా?” అన్నారు. తొడ కొడితే వదలమని చెప్పబోయాడు. ఈసారి జయరామప్పే అడ్డం వచ్చాడు. “ఏం మామా, తొడ కొట్టేది శరణుకా? అణ్ణ పేరు చెడుస్తావా?” తిమ్మరాయప్ప ఒకప్పుడు నవ్విన నవ్వే ఆ కుర్రాళ్ళందరూ నవ్వారు.

ఇక మిగిలింది చేతులు. ఎత్తుపీట వదిలి గోదాలోకి దిగి మట్టిలోనే కూర్చునేవాడు. గొళ్ళెం పట్టు పడగానే మోకాళ్ళమీద పాకుతూ పోయి, రెండు చేతులతో ఇద్దరినీ విడదీసేవాడు. విడిపించినవాడు కూడా మొహం మాడ్చుకునేవాడు. “నేను అడగలేదు కదా వస్తాదప్పా!” కళ్ళలో నీళ్ళు పెట్టుకుని ఆ మాట అనేవాళ్ళు. ముసలాయనకు కుర్రాళ్ళంటే ఓర్వలేనితనం పుట్టిందని పేటలో అనుకున్నారు.

మరుసటి దసరాకు సుబ్బరాయుడు అశ్వత్థప్ప ఇంటినుంచి ఆ పాత గ్లోవులు తెప్పించి, ఆంజనేయస్వామి పక్కన గూట్లో పెట్టించాడు. జయరామప్ప వాటికి కుంకుమ పెట్టాడు. గద కూడా ఆ రోజునుంచి జయరామప్ప చేతికే వచ్చింది, పెద్దగా ఎవరూ ఏమీ అనకుండానే. అల్లుడు గౌరవంగా మామ చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించి బయట అరుగుమీద కూర్చోబెట్టాడు.

“లోపల ఉక్క మామా. నువ్వు గాలికి కూర్చో. ఎవరికైనా దెబ్బ తగిలితే పిలుస్తాం.”

అరుగుమీదినుంచి గోదా కనపడదు. గుమ్మం పొట్టిది, లోపల పల్లం. చప్పుళ్ళు మాత్రం వినపడతాయి. ఆట మొదట్లో కొట్టే తొడ, ఆట నడుమ కొట్టే తొడ, చెవికి రెండూ ఒకటే. ముప్పై ఏళ్ళు నేర్పినవాడికి కూడా తేడా తెలియదు. వెదురుబద్దలు, చింపిన పంచె పక్కన పెట్టుకుని సాయంత్రాలు అక్కడే కూర్చుంటాడు. లోపల తొడ చప్పుడైన ప్రతిసారీ లేచి నిలబడతాడు. అరుపు వినపడితే తల వంచి లోపలికి పోయి కట్టు కడతాడు. వినపడకపోతే మళ్ళీ కూర్చుంటాడు.